మూడో నంబరు

నామినేషన్ వాపసు తీసుకోవాల్సిన రోజున గంగవ్వ మంచం దిగలేదు.

"నడువే అవ్వా. నాది ఒప్పుకున్నరు. ఇగ నీదెందుకు?" అని కొడుకు భూమేశ్ బండి స్టార్టు చేసి మరీ పిలిచాడు.

"ఎందుకు తీస్కోవాలె? ఆఫీసు గోడ మీద నా పేరు పడ్డదట గద. మీ నాయన బతికున్నన్ని దినాలు నన్ను 'ఓసే' అన్నడు. ఊరోళ్ళు భూమేశ్ తల్లి అన్నరు. సర్కారోళ్ళు ఒక్కళ్ళే గంగవ్వ అని రాసిండ్రు. నేను తీస్కోను పో."

జిల్లా పరిషత్‌కు నిలబడింది భూమేశ్. కాలిపోయిన బోరు మోటార్లు చుట్టి ఇచ్చేవాడు కాబట్టి కాలువ చివరి ఊళ్ళన్నీ అతనికి తెలుసు. ఆ ఊళ్ళకు నీళ్ళు రావడం లేదనే కోపంతోనే నిలబడ్డాడు. ఏదో సంతకం తప్పిందని తన కాగితాలు కొట్టేస్తారేమోనని, అందరూ చేసేటట్టే ఇంట్లో మనిషి చేత ఒక డమ్మీ వేయించాడు. ఆ డమ్మీ ఇప్పుడు ముసుగు తన్ని పడుకుంది.

వంటింట్లోంచి అతని భార్య సౌజన్య పకపకా నవ్వింది. చంకలో రెండేళ్ళు నిండని కూతురు అమ్ములు ఉంది. "పోనియ్యరాదయ్యా. తల్లీకొడుకులు జిల్లా ఏలుకోండ్రి. ముందు నువ్వు బండి ఆపి ఇటు రా. పొద్దున్నుంచి ఏమన్న తిన్నవా, మోటార్ల వైరు నమిలినవా?"

"నీకంత నవ్వులాటనే."

"మరి ఏడ్వాల్నా? గెలిస్తే ఏడుస్త తియ్యి. అప్పుడు ఇంట్ల ఎట్లాగూ కనవడవ్."

అతను బండి ఆపి వచ్చి కూర్చుంటే, ఇలా తిట్టుకుంటూనే ఆమె కంచంలో ఇంకో గరిటె కూర వేసింది. తొమ్మిదో తరగతిలో బడి మానిపించి ఈ ఇంటికి పంపితే, ఏడుస్తూ వచ్చిన పిల్ల సౌజన్య. ఆ ఏడుపును నవ్వుగా మార్చడానికి భూమేశ్‌కు రెండేళ్ళు పట్టింది. ఆ మాట అతను ఎవరికీ చెప్పుకోలేదు గాని, అతను బతుకులో చేసిన పెద్ద పని ఏదంటే అదే.

*

ఎన్నికలు అప్పటికే పాత పద్ధతిలో లేవు. ఒక్కో నియోజకవర్గానికి అయిదు సీట్లు. ఓటరు ఒక్క గుర్తుకు గుద్ది ఇంటికి పోవడం కాదు. ఒకటి, రెండు, మూడు అని వరస ఇవ్వాలి. ఎవరికి తగినన్ని ఓట్లు వస్తే వాళ్ళు గెలుస్తారు. అందరికంటే వెనకబడినవాణ్ణి తీసేసి, వాడి ఓట్లను వాటి మీద రెండో నంబరున్న మనిషికి మళ్ళిస్తారు. ఏ ఓటూ వృథా పోదు, ప్రతి వర్గానికీ దాని బలమెంతో అంత వాటా దక్కుతుంది అన్నారు. ఈ పద్ధతిలో మొదటిసారి జరిగిన కిందటి ఎన్నికలో ఓట్లు మళ్ళాయి గాని, మనుషులు మళ్ళలేదు. మా వాడి ఓట్లు వాడికెట్లా పోతాయని గొడ్డళ్ళు తీశారు. మూడు ఊళ్ళలో తలలు పగిలాయి.

అప్పుడు పట్నంలో డాక్టర్ వసుంధర అనే ఆవిడ ఒక యంత్రం తయారుచేసింది. ఓటుతోపాటు అభిమానాన్ని కూడా మళ్ళించే యంత్రం. ఇత్తడి రంగులో చెంబులా ఉండి నెత్తిన బోర్లించుకునేది. దానికో పెద్ద పేరుంది గాని జనం మొదటి రోజే దానికి బోనం అని పేరు పెట్టేశారు.

పోలింగుకు ముందు బడి ఆవరణలో ఆవిడే వచ్చి దాన్ని చూపించింది. ఊళ్ళో ఇద్దరు సినిమా హీరోల అభిమానుల మధ్య ఎప్పుడూ కొట్లాటే. వాళ్ళలో అజయ్ అనే కుర్రాడు, హీరో బొమ్మ చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నవాడు, నేనొస్తానని ముందుకు దూకాడు. నెత్తిన బోనం పెట్టారు. మీట నొక్కారు. అంతే. అతను ఒకసారి ఆవులించాడు. తర్వాత చేతి మీది పచ్చబొట్టును, ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసుకున్నాడు.

"ఏమిరా, మనోడు?" అని దోస్తులు అరిచారు.

"మంచిగనే చేస్తడు లే," అన్నాడు అజయ్. "గని అవతలాయన ముంగట వీడెంత?"

జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. దోస్తుల్లో ఒకడు మాత్రం ముఖం పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. సౌజన్య అది చూసింది. గుంపులోంచి లేచి నిలబడాలంటే ఆమెకు ఎప్పుడూ భయమే. ఆ రోజు మాత్రం లేచింది.

"మేడమ్, నా పెనిమిటి నిలవడ్డడు. నేనూ ఓటెయ్యాలె. మరి నాకు ఆయన మీద ఉన్నది కూడ పోతదా?"

అందరూ గొల్లుమన్నారు. డాక్టర్ నవ్వలేదు. "లేదమ్మా. ఓటు అభిమానం వేరు, ఇంటి ప్రేమ వేరు. రెండూ మెదడులో వేరు వేరు దారుల్లో నడుస్తాయి. అయినా భయంగా ఉంటే అభ్యర్థి ఇంటివాళ్ళు మామూలు కాగితం అడగొచ్చు. అరవై దాటినవాళ్ళకు ఎలాగూ కాగితమే."

సౌజన్య కాగితమే అడుగుదామనుకుంది. కాని సాయంత్రానికే నీళ్ళ ట్యాంకు దగ్గర ఎదుటి పక్షం ఆడవాళ్ళు నవ్వుకోవడం వినబడింది. "సొంత పెండ్లామే బోనం ఎత్తదట. ఇగ మనమేం ఎత్తుతం?"

ఆ మాట భూమేశ్ చెవినా పడింది. అతను పాత మోటారు ఒకటి ముందేసుకుని, విప్పిన బోల్టునే మళ్ళీ మళ్ళీ విప్పుతూ కూర్చున్నాడు. సౌజన్య చూడలేకపోయింది.

"నేనూ బోనమే ఎత్తుత లేవయ్యా. గంత ముఖం మాడ్సుకోకు."

"నీకు భయమైతే వద్దు."

"భయమే. గని ఉపాయం దొరికింది. ఒకటో నంబరు నీకు. రెండో నంబరు అత్తమ్మకు. నువ్వు ఓడినా నా ప్రేమ ఎటు పోతది? మీ అవ్వ దగ్గర్కి పోతది. ఇంట్లనే ఉంటది గద."

మంచం మీదనుంచి గంగవ్వ తల ఎత్తింది. "సూసినవా, నేను వాపసు తీస్కోకపోవుడే మంచిదైంది."

ముగ్గురూ నవ్వారు. ఆ ఉపాయం ఎంత తెలివైనదో అనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయారు.

*

పోలింగు రోజు బోనం చల్లగా ఉంది. ఎదురుగా తెర మీద గుర్తులు వెలిగాయి. కుట్టుమిషన్, భూమేశ్‌ది. నొక్కింది. గంప, గంగవ్వది. నొక్కింది. తీసేయబోతే యంత్రం మూలిగింది. మూడు నంబర్లు ఇస్తే గాని ఓటు పడదట.

ఆ సంగతి భూమేశ్ ముందే చెప్పాడు, ఆమే మరిచిపోయింది. మూడోది ఎవరికన్నా కొట్టు, అక్కడిదాకా రాదు అన్నాడు. సౌజన్య గుర్తులన్నీ చూసింది. ఊళ్ళో పగవాళ్ళవి వద్దు. తెలిసినవాళ్ళవీ వద్దు. ఒక మూలన తాళంచెవి కనిపించింది. ఎల్లాల రాజేశం అని ఎక్కడో గుట్టల అవతలి మండలం మనిషి, అరవై దాటినవాడు. ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇక ముందు కూడా చూసే పని లేదు. నొక్కింది.

ఓటు మళ్ళినప్పుడే అభిమానమూ మళ్ళాలి కాబట్టి లెక్కింపు రోజు మళ్ళీ అందరూ రావాలి. బడి ముందు షామియానా వేసి బెంచీలు పరిచారు. నెత్తిన ఇత్తడి చెంబులు బోర్లించుకుని ఊరంతా వరసల్లో కూర్చుంటే పిల్లలు చూసి విరగబడి నవ్వారు. మైకులో లెక్కింపు చెబుతున్నారు. అభ్యర్థులకు బోనం లేదు, వాళ్ళు పక్క గుడారంలో ఉన్నారు; గంగవ్వ మాత్రం నాకక్కడేం పని అని వచ్చి కోడలి వెనక కూర్చుంది.

"మొదటి రౌండు. ఎవరికీ చాలినన్ని రాలేదు. అందరికంటే తక్కువ వచ్చిన అభ్యర్థి గంగవ్వ, గంప గుర్తు. ఆమెను పోటీనుంచి తొలగిస్తున్నాం."

వెనకనుంచి గంగవ్వ, "పేరైతే మైకుల చెప్పిండ్రు గద," అని మురిసిపోయింది.

సౌజన్య కూడా నవ్వబోయింది. సగం నవ్వులో ఆగిపోయింది. ఆమెకు లెక్కలు నెమ్మదిగా వస్తాయి; వస్తే మాత్రం పోవు. అత్తమ్మ పోయింది. అంటే రెండో నంబరు లేదు. ఆయన కూడా పోతే నాది ఎవరికి పోతుంది? ఒకటి, రెండు, మూడు.

ఆమె చెయ్యి బోనం మీదికి పోయింది. పక్కనే తిరుగుతున్న సిబ్బంది పిల్ల గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది. "తియ్యొద్దక్కా! మధ్యల తీస్తే కారిపోతది. ఎటు పోతదో మాక్కూడ తెల్వది."

"ఎటు పోతదో అంటే?"

"ఏమో అక్కా. కదలకు."

సౌజన్య ఒళ్ళో అమ్ములు నిద్రపోతోంది. "అత్తమ్మా, పిల్లను తీస్కో. తొందరగ తీస్కో. దూరం తీస్కపో. ఆ గేటు అవతలికి తీస్కపో," అంది. గంగవ్వకు ఏమీ అర్థం కాలేదు గాని కోడలి ముఖం చూసి పిల్లను ఎత్తుకుని పోయింది. నా ఒంట్లోనుంచి ఏది పోయినా పిల్ల పక్కన ఉండొద్దు. ఏది పోయినా పిల్లది పోవద్దు. సౌజన్య కళ్ళు మూసుకుని అదొక్కటే అనుకుంది.

రౌండ్లు నడిచాయి. ఒకరు గెలిచారు. ఇంకొకరు పోయారు. ప్రతిసారీ ఒక వరసలో కొందరు ఒక్కసారిగా నిట్టూర్చేవారు, తర్వాత తేలిక పడ్డట్టు వెనక్కి వాలేవారు. కుట్టుమిషన్ మాత్రం నిలబడుతూనే వచ్చింది. ఇంక రెండు సీట్లున్నాయనగా భూమేశ్ గుడారం బయటికి వచ్చి ఆమెవైపు చెయ్యి ఊపాడు. ఆమెకు ఏడుపొచ్చింది. గెలువయ్యా, నీళ్ళు లేకున్నా సరే, జిల్లా లేకున్నా సరే, నువ్వు గెలువు.

"భూమేశ్, కుట్టుమిషన్ గుర్తు. తొలగిస్తున్నాం."

రొమ్ముల మధ్య ఏదో చల్లబడింది. తూము పలక ఎత్తితే మడిలో నీళ్ళు చడీచప్పుడు లేకుండా దిగిపోతాయి చూశారా, అట్లా దిగిపోయింది. నొప్పేమీ లేదు. సౌజన్య కళ్ళు తెరిచింది. గుడారం ముందు ఒకతను తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు.

పాపం, ఎవరో ఓడిపోయాడు అనుకుంది. ఆ ఎవరో తన మొగుడని గుర్తురావడానికి కొంచెం సేపు పట్టింది.

అయిదో సీటు ఎల్లాల రాజేశం గెలిచాడు. ఆ పేరు మైకులో వినబడగానే ఆమె కళ్ళ వెంబడి సంతోషంతో నీళ్ళు కారాయి.

*

ఊళ్ళో ఒక్క రాయి పడలేదు. ఓడినవాళ్ళ మనుషులు గెలిచినవాళ్ళకు దండలు వేశారు. పట్నం పత్రికలన్నీ మెచ్చుకున్నాయి.

"మీరు భోజనం చేస్తారా?" అని లెక్కింపు అయిన రాత్రి సౌజన్య మొగుణ్ణి అడిగింది.

భూమేశ్ కాళ్ళు కడుక్కుంటూ ఆగిపోయాడు. "మీరా? ఏందే కొత్తగ?"

"వడ్డించమంటారా అని అడుగుతున్న."

అతను పరాచికం అనుకున్నాడు. "అడుగుతవేంది? తిట్టి పెట్టు. ఓడిపోయి వచ్చిన, ఇయ్యాల రెండు తిట్లు ఎక్కువనే తిట్టాలె."

ఆమె అన్నం పెట్టింది. కూర సరిపోయిందా అని అడిగింది. చెయ్యి తుడుచుకోవడానికి తువ్వాలు ఇచ్చింది. చుట్టానికి చేసినట్టు అన్నీ చేసింది. భూమేశ్ మూడో ముద్ద దగ్గర కంచం పక్కకు పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది.

అతన్ని ఆమె మరిచిపోలేదు. అన్నీ యాదున్నాయి. కొత్తలో తను ఏడుస్తుంటే పాడైపోయిన ఫ్యాను రెక్కలకు రంగు కాగితాలు కట్టి తిప్పి నవ్వించింది యాదుంది. కాన్పప్పుడు ఆస్పత్రి మెట్ల మీద అతను చెప్పులు మరిచిపోయి తిరిగింది యాదుంది. ఎవరో చెప్పిన కథలా యాదుంది. జ్వరమొచ్చిన నోటికి పులుపు తెలియనట్టు, ఏది తలుచుకున్నా రుచి తగలడం లేదు.

తగిలేది ఇంకొకటి. టీవీలో గుట్టల అవతలి మండలం పేరు వినబడితే చాలు, చేతిలో పని ఆగిపోయేది. పత్రికలో ఆ ముసలాయన బొమ్మ ఉన్న ముక్కను పొయ్యిలో పెట్టలేక బియ్యం డబ్బా వెనక దాచింది. మామిడికాయ పప్పు చేసి, ఆయనకు పులుపు ఇష్టమో కాదోనని ఆలోచించి, ఆ ఆలోచన వచ్చినందుకు తన చెంప మీద తనే కొట్టుకుంది.

అన్నిటికంటే పెద్ద భయం వేరే. పొద్దున లేవగానే ఆమె అమ్ములు పక్కన కూర్చునేది. జ్వరముందేమోనని నుదురు పట్టి చూసినట్టు, తన మనసును తనే పట్టి చూసుకునేది. ఉందా? ఉంది. పిల్ల ఉంగరాల జుట్టు చూస్తే వేలికి చుట్టుకోవాలనిపిస్తోంది. ఉంది. నీళ్ళకు పోయి వచ్చి మళ్ళీ చూసుకునేది. పిల్ల ఏడిస్తే ఊరకే ఎత్తుకునేది కాదు. ముందు తన లోపల ఏమైనా కదిలిందా లేదా అని ఆగి చూసేది. ఆ ఆగడం గంగవ్వ కంట్లో పడింది.

"పిల్ల ఏడుస్తుంటే అట్ల నిలవడి సూస్తవేందే?"

"ఉన్నదా లేదా సూస్తున్న అత్తమ్మా."

"ఏది?"

సౌజన్య పిల్లను ఎత్తుకుని లోపలికి పోయింది. గంగవ్వ ఆ సాయంత్రం కొడుకును పిలిచి, "దీన్ని ఆ డాక్టరమ్మ దగ్గర్కి తీస్కపో. నా పేరు అచ్చుల పడుడు పాడుగాను," అని కొంగుతో ముక్కు చీదుకుంది.

*

డాక్టర్ వసుంధర ల్యాబు పట్నం చివర ఉంది. అమ్ములును కూడా వెంట తీసుకునే పోయారు. సౌజన్య నెత్తికి తీగలు అంటించి, ఆవిడ తెర మీద గీతలు చూసింది. తర్వాత తీగలు తనే విప్పింది.

"రెండు దారులు వేరని చెప్పాను. చాలామందిలో వేరే. మీలో ఒక్కటే దారి ఉంది. మీ ఆయన గెలవాలని కోరుకున్నదీ, ఆయన్ని ప్రేమించిందీ ఒకటే. ఇది మేం చూసుకోవాల్సింది. కాగితం అడగొచ్చు అని చెప్పి వదిలేశాను. కాగితమే ఇవ్వాల్సింది."

"మళ్ళ ఇటు మళ్ళించొచ్చా మేడమ్?" భూమేశ్ కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మళ్ళించొచ్చు. రెండే పేర్లు పెడతాం. ఒకటి ఆ రాజేశం, రెండు మీరు. ఒకటిని తొలగిస్తాం. ఆయన మీద ఉన్నదంతా మీ మీదికి వస్తుంది."

భూమేశ్ లేచి నిలబడ్డాడు. "ఇప్పుడే చెయ్యుండ్రి."

"ఆగండి. ఒకసారి తవ్విన కాలువలో రెండోసారి వదిలితే గట్లు నిలవకపోవచ్చు." ఆవిడ తలుపు తీసి ఎవరినో పిలిచింది. బడిలో అందరిముందూ బోనం పెట్టుకున్న అజయ్ వచ్చాడు. వాళ్ళ అమ్మ మొత్తుకుంటే అతన్ని వెనక్కి మళ్ళించారట. ఇప్పుడు అతని జేబు మీద పాత హీరో బొమ్మ ఉంది.

"మంచిగున్నవా తమ్మీ?" అంది సౌజన్య.

"మంచిగున్న అక్కా. మా హీరో మళ్ళ నాకు దేవుడైండు."

"ఇంట్ల అందరు బాగేనా?"

అజయ్ కొంచెం తటపటాయించాడు. "మా తమ్ముడున్నడు గద. వాడూ నేనూ కలిసే సినిమాలకు పోతుంటిమి. వానికి మొన్న బండి మీంచి పడి చెయ్యి విరిగింది. ఆస్పత్రికి తీస్కపోయిన, కట్టు కట్టిపిచ్చిన. వాడు నొప్పికి ఏడుస్తుంటే నాకు ఆకలైతుండె అక్కా. బయటకొచ్చి ఇడ్లీ తిన్న." అతను డాక్టర్‌వైపు చూశాడు. "గది తప్పేనా మేడమ్?"

డాక్టర్ తల దించుకుంది. "అతని మెదడులో హీరో పక్కనే తమ్ముడు ఉన్నాడు. అది మాకు కనబడలేదు," అంది మెల్లగా.

సౌజన్య లేచింది. "నాకు వద్దు."

వరండాలో భూమేశ్ ఆమెకు అడ్డం నిలబడ్డాడు. "అందరికి గట్లనే అయితదని ఏమున్నది? ఆమె గూడ 'కావొచ్చు' అన్నది గని, అయితదని అన్లేదు."

"మీ పక్కన ఏమున్నదో నాకు తెలుసు. అమ్ములే ఉన్నది. మీరు చేతులకెత్తుకున్నంకనే నేను దాని ముఖం సూసిన. మీరిద్దరు నాకు ఒక్క దగ్గర్నే ఉన్నరు."

"మరి నేనేం గావాలె సౌజన్యా?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఎండకు నల్లబడ్డ, మీసం కింద సన్నని గాటున్న ముఖం. ఏడవబోతున్న ముఖం. చూసి చూసి, లోపల వెతికి వెతికి, నిజమే చెప్పింది.

"మీరు ఏడుస్తుంటే నాకు బాధైతలేదు. మీ మీద కోపం లేదు. మీరు మంచోళ్ళని నాకు తెలుసు. గంతే ఉన్నది నా దగ్గర. ఉన్న ఆ పిల్లనన్న ఉండనియ్యుండ్రి."

భూమేశ్ గోడకు ఆనుకున్నాడు. "బస్సు పోతది, నడువు," అన్నాడు. బస్సులో అమ్ములును అతనే ఎత్తుకున్నాడు. పిల్ల అతని మీసం పీకుతుంటే పీకనిచ్చాడు.

*

కొన్నాళ్ళకు రాజేశం ఊరూరా తిరుగుతూ ఓట్లు వేసినవాళ్ళకు దండాలు పెట్టడానికి బయల్దేరాడు. మిట్టమధ్యాహ్నం ఈ ఊరికి వస్తాడని చాటింపు వేశారు. తాళంచెవికి రెండో నంబరో మూడో నంబరో ఇచ్చిన ఆడవాళ్ళంతా హారతి పళ్ళేలు తోముకున్నారు.

సౌజన్య పొద్దుటినుంచి నిలవలేదు. వాకిలి రెండుసార్లు ఊడ్చింది. పెట్టె తీసి పట్టుచీర బయటపెట్టింది, మళ్ళీ లోపల పెట్టింది, మళ్ళీ తీసింది. దూరంగా డప్పులు వినబడేసరికి ఆమె కాళ్ళు వాటంతట అవే గడపదాకా నడిచాయి. చంకలోని అమ్ములును కింద దించబోతున్నది. దించి, ఊరికే అట్లా పోయి, ఒక్కసారి చూసి...

తన చేతులు ఏం చేస్తున్నాయో చూసుకుని ఆమె పిల్లను చటుక్కున మళ్ళీ చంకకెత్తుకుంది.

భూమేశ్ వాకిట్లో మోటారు ముందు కూర్చుని ఉన్నాడు. డప్పులు వింటున్నాడు గాని తల ఎత్తడం లేదు. ఇల్లంతా, ఊరంతా వెతికినా ఆమెకు పిలవడానికి ఇంకో మనిషి తోచలేదు.

"ఏమండీ, ఒక్క పని చేస్తరా? నేను పిల్లను తీస్కొని లోపల కూసుంట. బయట గొళ్ళెం పెట్టుండ్రి. నేను తియ్యమన్నా తియ్యొద్దు. ఏమన్నా తియ్యొద్దు. తిట్టినా తియ్యొద్దు."

భూమేశ్ చేతులు తుడుచుకుని లేచాడు. ఆమె లోపలికి పోయాక తలుపు దగ్గరికి లాగి గొళ్ళెం పెట్టాడు. గడప మీద కూర్చుని తలుపుకు వీపు ఆనించాడు.

డప్పులు వీధి మలుపు తిరిగాయి. ఆడవాళ్ళ నవ్వులు, జై కొట్టడాలు. లోపల సౌజన్య అమ్ములును రొమ్ముకు అదుముకుని తలుపుకే ఆనుకుని కూర్చుంది. లేవాలని ఉంది. ఆమె ఒక్కసారి తలుపు మీద గట్టిగా చరిచింది.

"తియ్యుండ్రి!"

తలుపు కదలలేదు.

"మీకు దండం పెడ్త, తియ్యుండ్రి! ఒక్కసారి సూసొస్త!"

తలుపు కదలలేదు. డప్పులు ఇంటి ముందుకే వచ్చి, ఆగి, ఇంకా జోరుగా మోగాయి. అమ్ములు భయపడి ఏడుపు అందుకుంది. సౌజన్య గబుక్కున దాని చెవులు మూసింది. ఉందా లేదా అని ఆగి చూసుకోలేదు. దాని తల మీద గడ్డం ఆనించి ఊ... ఊ... అంటూ ముందుకూ వెనక్కూ ఊగింది. ఊగుతూ ఊగుతూ ఉండగానే డప్పులు దాటిపోయి, చెరకు తోటల వైపు మెల్లమెల్లగా సన్నగిల్లాయి.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. తలుపు అవతల ఏ అలికిడీ లేదు.

"ఉన్నరా?" అంది.

"ఉన్న," అన్నాడు భూమేశ్.

ఇంకాసేపటికి మళ్ళీ అడిగింది. మళ్ళీ ఉన్నానన్నాడు. గొళ్ళెం తియ్యమని ఆమె అనలేదు, అతనూ తియ్యలేదు. తలుపుకు అటొకరూ ఇటొకరూ, పిల్ల నిద్రపోయేదాకా అట్లాగే కూర్చున్నారు.